ముక్కుకు తెలియని చేదు

మా ఆవిడ ముక్కు పోయి అప్పటికి రెండేళ్ళు. పోయిందంటే, ముక్కు ఉన్నచోటనే ఉన్నది, దానికి ముక్కుపుడకా ఉన్నది; పోయింది దాని పని. 2021 మే నెలలో కరోనా రెండోసారి ఊళ్ళమీద పడ్డప్పుడు మా యింటినీ వదలలేదు. నన్ను నాలుగురోజుల జ్వరంతో విడిచిపెట్టింది. ఆవిడ జ్వరం తగ్గి లేచిననాడు పొద్దున్నే కాఫీ కలుపుకుని, గ్లాసు మూతిదగ్గర పెట్టుకుని, "ఏమండీ, కాఫీపొడి మార్చారా?" అన్నది.

పొడి మారలేదు. మారింది ఏమిటో సాయంత్రానికిగాని మాకు తెలియలేదు. ఇంగువ డబ్బా మూత తీసి చూసింది. హారతి కర్పూరం చూసింది. చివరికి కిరసనాయిలు సీసా కూడా చూసింది. అన్నీ మంచినీళ్ళే!

వాసన పోతే రుచి కూడా పోతుందని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆవిడకు ఉప్పు తెలిసేది, పులుపు తెలిసేది, కారం అయితే మరీ తెలిసేది. కాని తింటున్నది పప్పుపులుసో చారో మాత్రం తెలిసేది కాదు. ఆరునెలల తరవాత వాసనలు తిరిగి వచ్చినట్టే వచ్చి వంకరగా వచ్చాయి. పోపు వేస్తే రబ్బరు కాలిన కంపు అనేది. కాకినాడలో డాక్టరుగారు, ముక్కుకు మళ్ళీ అక్షరాభ్యాసం చేయించాలమ్మా అని చెప్పి, గులాబి, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం - ఈ నాలుగూ ఉదయం సాయంత్రం వాసన చూడమన్నారు. ఇదేదో ఆయన సొంత చిట్కా కాదు. చాలా దేశాల వైద్యులు ఈ నాలుగు వాసనలతోనే ముక్కుకు బడి పెడుతున్నారు. ఏడాది గడిచేసరికి లవంగం తెలిసింది. తరవాత నీలగిరి కొద్దికొద్దిగా తెలిసింది. నిమ్మ మాత్రం రాలేదు.

నిమ్మ రాకపోవడమే ఆవిడకు పెద్ద దుఃఖం. మాది కోనసీమ. పెరట్లో దబ్బచెట్టు ఉన్నది. ఏటా దబ్బకాయ ముక్కలు ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి, ఎండలో ఒడిపి, బెల్లం పాకంలో వేసి, కారం, మెంతిపిండి కలిపి జాడీకెత్తేది. తీపి, వెనకాలే పులుపు, చిట్టచివర తొక్కలోంచి చిరుచేదు. జ్వరంపడి లేచినవాళ్ళు ఎవరైనా వాడలో ఉంటే, మా యింటికి గిన్నె వచ్చేది. అటువంటిది రెండేళ్ళుగా జాడీ అటకమీద బోర్లించి ఉన్నది.

"వాసన తెలియని చెయ్యి ఊరగాయ పెట్టకూడదండీ" అన్నది ఆవిడ. నేను ఏమీ అనలేకపోయాను.

ఇట్లా ఉండగా, 2023 వసంతంలో మా అమ్మాయి టిక్కెట్లు పంపించింది. అమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సు దేశం దక్షిణపు కొసన, సోఫియా ఆంటిపొలిస్ అనే చోట ఉద్యోగం చేస్తున్నారు. కంప్యూటరు కంపెనీల కోసం అడవి మధ్య కట్టిన పేట అది. అక్కడ మన తెలుగుపిల్లలు కనిపించడం అంత అరుదేమీ కాదు. అక్కడికి కారులో ఇంచుమించు అరగంట దూరంలో ఉన్నది గ్రాస్ పట్టణం. అత్తరు వ్యాపారానికి అది కాశీక్షేత్రం వంటిది. అక్కడ సుగంధాలు కూర్చే నిపుణుణ్ణి ఏమని పిలుస్తారనుకున్నారు? "ముక్కు" అని! ఫలానా అత్తరుకు ముక్కు ఎవరు అని అడుగుతారట.

"అమ్మా, అది ముక్కుల ఊరే" అన్నది అమ్మాయి ఉత్సాహంగా.

"ముక్కు లేనిదానికి ముక్కుల ఊరెందుకే?" అన్నది మా ఆవిడ.

అయినా బయల్దేరాము.

మే మొదటివారం. నేరుగా గ్రాస్‌కు పోకుండా, ముందు దాని పక్కనే ఉన్న బార్-స్యుర్-లూ అనే చిన్న ఊరికి తీసుకుపోయాడు అల్లుడు. లూ అనేది నది పేరు. ఆ మాటకు తోడేలు అని అర్థం. తోడేలు కాదుగాని, కొండల్ని కొరికి లోయ చేసిన నది. ఆ లోయమీద గుట్టపైన, రాతి ఇళ్ళు ఒకదాని భుజంమీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉన్నది ఊరు. ఊరి కింద కొండవాలున మెట్లు మెట్లుగా చెక్కిన మళ్ళు. ఆ మళ్ళలో నారింజచెట్లు.

ఇవి మనం వలుచుకు తినే కమలాలు కావు. చేదు నారింజ. అక్కడివాళ్ళు పండును బిగరాద్ అనీ, చెట్టును బిగరాదియే అనీ అంటారు. పండు నోట్లో వేసుకుంటే పులుపూ చేదూ కలిసి దవడలు పట్టుకుంటాయి. కాని మధ్యధరా తీరానికి మొదట చేరిన నారింజ ఇదే. అరబ్బులు దీన్ని తూర్పునుంచి పట్టుకుపోయారు; తియ్య నారింజ చేరింది ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళకు. ఇంకో వింత చెప్పనా? చెట్టుతోపాటు పేరుకూడా మన దేశంనుంచే పోయింది. మన నారంగం పారశీకంలో నారంగ్ అయి, అరబ్బీలో నారంజ్ అయి, స్పెయినువాళ్ళ నోట నరాంహా అయి, ఆఖరికి ఇంగ్లీషువాడి ఆరంజి అయింది. ఆ మాట సంస్కృతంలోకి ద్రావిడ భాషలనుంచే వచ్చి ఉంటుందని పండితుల ఊహ. మనం నారింజ అని ఇంట్లో ఉన్న పేరుతోనే పిలుచుకుంటున్నాము. అంతదూరంలో ఆ చెట్టును చూస్తే, అత్తవారింటికి పోయిన ఆడపిల్లను చూసినట్టయింది నాకు.

చెట్లు పూతమీద ఉన్నాయి. తెల్లని మందపాటి రేకులు. ఒక తోటలో చెట్టుకింద దుప్పటి పరిచి, నిచ్చెన వేసి, ఒక ముసలాయనా ఇద్దరు ఆడవాళ్ళూ పూలు కోస్తున్నారు. నేను కారు దిగగానే ఆ వాసన గుప్పున ముఖానికి తగిలింది. మల్లెలో తేనె కలిపి, అంచున ఒక పచ్చి ఆకు నలిపినట్టు. వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చుకుంటున్నది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తరవాత కళ్ళు తెరిచి, "చెట్లు బాగున్నాయి" అన్నది.

కోనసీమవాడికి కొబ్బరిచెట్టు ఎట్లాంటిదో ఈ లోయవాళ్ళకు నారింజ అట్లాంటిది, ఏదీ పారవేయరు. పువ్వును నీటి ఆవిరిలో పట్టి బట్టీ దింపితే పైన తేలే నూనె నెరోలీ. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో నెరోలా అనే చోట ఒక రాణీగారు తన చేతితొడుగులకు ఇదే రాయించుకునేదట. అందుకని ఆ పేరు. నూనె కింద మిగిలిన నీళ్ళు నారింజపూల పన్నీరు, మిఠాయిల్లో వేస్తారు. వెయ్యికిలోల పువ్వు బట్టీలో పోస్తే దిగే నూనె సుమారు ఒక్క కిలో. ఆకులూ లేత కొమ్మలూ బట్టీ పడితే వచ్చేది పెటిగ్రేన్. ఆ మాటకు చిన్న గింజలని అర్థం. పూర్వం చిన్న పచ్చి పిందెలనుంచి తీసేవాళ్ళు, పేరు అట్లాగే నిలిచిపోయింది. పండు తొక్కను నిప్పు తగలకుండా పిండితే వచ్చేది చేదు నారింజ నూనె. ఇవన్నీ పోగా మిగిలిన కాయ వంటింటికి పోతుంది. పంచదారతో వండితే మార్మలేడ్.

ఈ వైభవమంతా ఇప్పుడు కొంత పాతమాటే. పక్కనున్న వలోరిస్ ఊళ్ళో నారింజ రైతులు 1904లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఒకే కప్పుకింద పూలకు బట్టీ నడిపారు, కాయతో మార్మలేడ్ వండారు. 1956 ఫిబ్రవరిలో ఆ తీరమంతా మంచుగడ్డ కట్టింది. చెట్లు నిలువునా మాడిపోయాయి. చాలామంది మళ్ళీ నాటలేదు. కొన్ని పొలాల్లో విలాసగృహాలు మొలిచాయి. నేడు ప్రపంచానికి నెరోలీ ఎక్కువగా ట్యునీసియాలోని నాబుల్ ప్రాంతంనుంచీ, మొరాకో, ఈజిప్టులనుంచీ వస్తున్నది. పెటిగ్రేన్ అయితే సముద్రాలు దాటి పరాగ్వేలో స్థిరపడింది. అయినా ఊరు చెట్టును మరచిపోలేదు. ఈస్టరు మరునాడు సోమవారం ఇక్కడ నారింజ తిరునాళ్ళు జరుపుతారు. 1871లో మాన్ అనే కుటుంబం ఈ ఊళ్ళోనే పెట్టిన సుగంధాల కంపెనీ ఇప్పటికీ ఇక్కడే ముఖ్య కార్యాలయం ఉంచుకుని లోకమంతటా వ్యాపారం చేస్తున్నది.

ఊళ్ళో పాత చర్చి ఉన్నది. లోపల గోడకు పదిహేనో శతాబ్దపు చిన్న చిత్రం ఒకటి. మంచి బట్టలు కట్టుకున్న ఆడా మగా వరసగా నిలబడి నాట్యం చేస్తుంటారు. ఎముకలగూడులాంటి మృత్యువు వింట బాణం పెట్టి వాళ్ళను ఒక్కొక్కరినే కొడుతుంటుంది. పక్కవాడు పడిపోతున్నా మిగిలినవాళ్ళు అడుగు ఆపరు. అల్లుడు దాని చరిత్ర చెప్పబోయాడు. మా ఆవిడ చాలాసేపు చూసి, "మన వీధిలో ఆ నెల్లో ఏడుగురు" అన్నది. ఇంకెవరూ మాట్లాడలేదు. బయటికి వస్తూంటే, ముక్కు మాత్రమే తీసుకుపోయిన బాణానికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది నాకు.

అక్కడినుంచి లోయలోకి దిగితే పాన్-ద్యు-లూ. నదిమీద ఒకప్పుడు రైలువంతెన ఉండేది. 1944లో జర్మన్లు వెనక్కి పోతూ పేల్చేశారు. విరిగిన రాతి స్తంభాలు ఇంకా ఆకాశంలో నిలబడి ఉన్నాయి. వాటి నీడన ఉన్నది ఒక మిఠాయిల కార్ఖానా. పళ్ళను పళ్ళుగానే పంచదారలో నిలవచేయడం వీళ్ళ విద్య. పండును ఉడికించి లేతపాకంలో ముంచుతారు. మర్నాడు పాకం కొంచెం ముదరపెట్టి మళ్ళీ ముంచుతారు. ఇట్లా రోజుల తరబడి. పండులోని నీళ్ళు మెల్లిగా బయటికి పోతూంటే, ఆ ఖాళీలోకి పంచదార మెల్లిగా వచ్చి కూర్చుంటుంది. తొందరపడి ఒకేసారి ముదురుపాకం పోస్తే పండు ముడుచుకుపోతుంది.

మా ఆవిడకు ఫ్రెంచి రాదు. అక్కడ రాగి బానలదగ్గర నిలబడ్డ ఆమెకు తెలుగు రాదు. కాని ఆమె మార్మలేడ్ పాకాన్ని గరిటెతో ఎత్తి, చల్లని పళ్ళెంమీద ఒక చుక్క వేసి, వేలితో తోసి చూపించింది. చుక్క ముడత పడింది. మా ఆవిడ తల ఊపింది. తరవాత గుడ్డమూటలో కట్టి ఉడికిస్తున్న గింజల్ని చూపించి ఎందుకన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఆమె రెండు చేతులూ దగ్గరికి తెచ్చి గట్టిపడినట్టు అభినయించింది. గింజల్లోనూ తొక్కకింది తెల్లని బెండులోనూ ఉన్న జిగురే మార్మలేడ్‌ను గడ్డకట్టిస్తుంది. "మనం ఆ బెండు తీసి పారేస్తాము చూడండి" అన్నది మా ఆవిడ నాతో. రెండేళ్ళ తరవాత వంట సంగతి ఆవిడ నోట వినడం అదే మొదలు.

చిన్న చెంచాలతో రుచి చూడమని పెట్టారు. నేను నోట్లో వేసుకున్నాను. మొదట తీపి. తరవాత నారింజ. నారింజ అంటే ఒకటి కాదు: తొక్క, ఎండ, కాస్త మాడిన పంచదార, కాస్త మిరియం, ఎక్కడో పువ్వు. అన్నీ పోయాక నాలుక వెనకాల నిలబడే చేదు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

ఆవిడ చాలాసేపు చప్పరించింది. "తీపి. పులుపు. చేదు" అన్నది. వేళ్ళు మడుచుకుని లెక్కపెట్టి చెప్పినట్టు చెప్పింది. "ఇంకా ఏమైనా ఉన్నదాండీ?"

ఉన్నది. కాని ఏమని చెప్పను?

మరునాడు గ్రాస్‌కు పోయాము. ఇరుకు సందులు, ఎండకు వెలిసిన పసుపు ఇళ్ళు. ఒకప్పుడు ఇది తోళ్ళు ఊనే ఊరు. తోలు కంపు పోవడానికి చేతితొడుగులకు సుగంధం పట్టించడం మొదలుపెట్టి, చివరికి తోలు వదిలి సుగంధమే పట్టుకున్నారు. కంపులోంచి పుట్టిన పరిమళమన్నమాట. 1989లో పెట్టిన సుగంధాల మ్యూజియం ఉన్నది. 2018లో యునెస్కోవారు ఇక్కడివాళ్ళ విద్యను, అంటే పూలమొక్క పెంచడం, పదార్థాన్ని శోధించడం, పరిమళం కూర్చడం, మానవాళి వారసత్వంగా గుర్తించారు.

అమ్మాయి ముందుగానే ఒక చిన్న తరగతికి పేర్లు ఇచ్చింది. మెట్లమెట్ల బల్లమీద గోధుమరంగు సీసాలు వరసలుగా పేర్చి ఉంటాయి. హార్మోనియం మెట్లలాగా ఉండే ఆ బల్లను వాళ్ళూ సంగీతవాద్యం పేరుతోనే ఆర్గన్ అంటారు. నేర్పే ఆమె నడివయసు మనిషి. ఏమి చేసుకుంటారు అని అడిగింది. అమ్మాయి మమ్మల్ని అడక్కుండానే, "నిన్న తిన్న మార్మలేడ్" అన్నది.

ఆమె నవ్వి చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ తలలో తిరుగుతూనే ఉన్నది. ముక్కుకు చేదు తెలియదట! తీపీ తెలియదట! నారింజలో చేదు నారింజిన్, నియోహెస్పిరిడిన్ వంటి పదార్థాలవల్ల వస్తుంది. అవి గాలిలోకి లేవవు. పంచదారా లేవదు. లేవనిది ముక్కుదాకా రాదు. తీపి, పులుపు, చేదు ఇవన్నీ నాలుక సొత్తు. తక్కినదంతా, మనం నోటితో రుచి చూస్తున్నామనుకునేదాంట్లో పెద్దభాగం, నములుతూ ఉంటే గొంతు వెనకదారిన ముక్కులోకి ఎక్కే వాసనే. జలుబు చేసినప్పుడు అన్నీ చప్పగా ఉండడం అందుకే.

మరి చేదుతీపి మురబ్బా వాసనగల అత్తర్లు ఎట్లా చేస్తున్నారు? ఆమె ఒక్కొక్క సీసాలో సన్నని కాగితపు పట్టీ ముంచి మా చేతికిచ్చింది. మొదటిది తొక్కనూనె. అందులో నూటికి తొంభైపాళ్ళకు పైగా లిమొనీన్. చురుక్కుమని వచ్చి చప్పున పోతుంది. రెండోది నెరోలీ. మూడోది ఇథైల్ మాల్టాల్ అనే తెల్లని పొడి కరిగించిన నీళ్ళు. తిరునాళ్ళలో పీచుమిఠాయి వాసన. 1992లో ఏంజెల్ అనే అత్తరు దీన్ని ధారాళంగా వాడి పేరు పొందాక, తినుబండారాల వాసనలతో అత్తర్లు చేయడం పెద్ద ఫాషనై కూర్చున్నది. దీనికి తీపి లేదు. కాని జన్మంతా ఈ వాసనతోపాటు తీపి తిన్నాము గనక, ముక్కు చూడగానే మనసు తీపి అంటుంది. చేదూ అంతే. ఆకు పచ్చిదనం, కొమ్మ వగరు, తొక్క ఘాటు ముక్కుకు తగిలితే, ఎన్నడో నాలుకకు తగిలిన చేదును మనసు తెచ్చి వాటిపక్కన పెడుతుంది. అంటే అత్తరు సీసాలో చేదు లేదు. వాసన చూసేవాడి జ్ఞాపకంలో ఉన్నది.

నేను మా ఆవిడవైపు చూశాను. అత్తరు చేసేవాడికి వాసన ఉండి చేదు లేదు. నిన్న కార్ఖానాలో ఈమెకు చేదు ఉండి వాసన లేదు. ఒకే పండును రెండుగా కోసి చెరొక సగం ఇచ్చినట్టున్నది.

ఆవిడ మూడు పట్టీలూ మర్యాదకోసం వాసన చూసి, బల్లమీద వరసగా పెట్టింది. ఆమె నాలుగోది ఇచ్చింది. ఆవిడ దాన్నీ ముక్కుదగ్గర పెట్టుకుని, కింద పెట్టబోయి, ఆగింది. మళ్ళీ పెట్టుకుంది. ఈసారి తియ్యలేదు.

"ఏమండీ, మజ్జిగ" అన్నది.

"మజ్జిగేమిటి?"

"పందిట్లో మజ్జిగ. శ్రీరామనవమినాడు. దబ్బాకు వేసినది."

నేను ఆ పట్టీ తీసుకుని చూశాను. నిజమే! ఎండాకాలం కుండలో పలచని మజ్జిగ పోసి, ఉప్పు వేసి, దబ్బాకులు రెండుగా చించి పడవేస్తే వచ్చే పచ్చి వాసన. సీసామీద పేరు చూశాను. పెటిగ్రేన్. నారింజ ఆకు నూనె. నిమ్మకాయతో రెండేళ్ళు తలుపు తట్టినా తియ్యని ముక్కు, ఆకుకు తీసింది.

నేర్పే ఆమె, మీ అమ్మగారు ఏమంటున్నారు అని మా అమ్మాయిని అడిగింది. ఇంతసేపూ గడగడా అనువాదం చేసిన పిల్ల నోరు మెదపలేక, కిటికీవైపు తిరిగి నిలబడింది.

కథల్లో అయితే ఆ క్షణంనుంచి అన్ని వాసనలూ వరదలాగా వచ్చెయ్యాలి. రాలేదు. అయిదు నిమిషాల్లో ఆ మజ్జిగ కూడా పోయింది. మళ్ళీ చూస్తే కాగితం వాసనే అన్నది. సాయంత్రం ఒకసారి వచ్చింది. మర్నాడు రాలేదు. దానికి నేర్పే ఆమె ఆశ్చర్యపోలేదు. నారింజజాతి వాసనలు ఆరోగ్యవంతుడి ముక్కుకైనా నిలవవు, అత్తరులో అన్నిటికంటే ముందు వచ్చి ముందు పోయే చుట్టాలు అవే అన్నది. వాటిని కాసేపు కూర్చోబెట్టడానికే కింద వెనిల్లా, తేనెమైనం, చెట్ల బంకలు వంటి బరువైన వాసనలు వేస్తారు. 1709లో కొలోన్ పట్టణంలో ఫరీనా అనే ఇటలీవాడు తన పరిమళజలం చేసిననాటినుంచీ, పారిపోయే నారింజను పట్టుకోవడమే ముక్కులవాళ్ళ పని. జాడీలో పాకం పోసే ఆడవాళ్ళ పనీ అదే కాదా? వాళ్ళు వాసనను పట్టుకుని చేదును వదిలేశారు. వీళ్ళు చేదును పట్టుకుని, వాసన ఎంత మిగిలితే అంత అనుకున్నారు.

మేము చేసిన అత్తరు చిన్న సీసాలో పోసి యిచ్చారు. మార్మలేడ్ వాసన వచ్చిందా అంటే, నాకు వచ్చింది. మా ఆవిడ ఆ సీసా అమ్మాయికే ఇచ్చేసి, నాలుగో కాగితపు పట్టీ మాత్రం పర్సులో పెట్టుకుంది. ఇల్లు చేరేసరికి దానిలో నాకు ఏ వాసనా తెలియలేదు. ఆవిడ మాత్రం పారెయ్యలేదు.

ఆ కార్తీకమాసంలో ఒకనాడు నేను పేపరు చదువుకుంటూంటే అటకదగ్గర చప్పుడైంది. వెళ్ళి చూస్తే స్టూలుమీద ఎక్కి జాడీ దింపుతున్నది. పెరట్లో కోసిన దబ్బకాయలు పీటపక్కన గుట్టగా ఉన్నాయి.

"వాసన తెలియని చెయ్యి పెట్టకూడదన్నావుగా?" అన్నాను.

"చెయ్యి నాది. ముక్కు మీది. కూర్చోండి" అన్నది.

మూడురోజులు ఊరబెట్టింది, ఎండబెట్టింది. నాలుగోరోజు పాకం పట్టి, చల్లని పళ్ళెంమీద ఒక చుక్క వేసి వేలితో తోసి చూసింది. అది ఈ ఇంట్లో ఇదివరకు లేని పద్ధతి. ఉప్పు, పులుపు, తీపి, చేదు ఆవిడే చూసుకుంది. అందులో నా సలహా అడగలేదు. మెంతిపిండి కలిపాక ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

"బాగుందా?"

"బాగుంది" అన్నాను.

"అది నలభై ఏళ్ళుగా అంటున్నారు. ఎట్లా ఉందో చెప్పండి."

నోరు తెరిచి మళ్ళీ మూశాను. నలభై ఏళ్ళు తిన్నానుగాని, దాని వాసన ఎట్లా ఉంటుందో ఒక్కనాడూ ఒక్క మాటలో కూడా చెప్పుకోలేదు. కార్ఖానాలో ఆవిడ వేళ్ళు మడిచి అడిగిన ప్రశ్న జ్ఞాపకం వచ్చింది. పీట లాక్కుని కూర్చున్నాను.

"ముందు బెల్లం మాడకముందు వచ్చే వాసన" అన్నాను. "దానివెనక తొక్క. గోటితో గిల్లితే చేతికి అంటుతుందే, అది. తరవాత మెంతులు..."

"మెంతులు ఎక్కువైనాయా?"

"లేదు, దూరంగా ఉన్నాయి. ఇంకా ఆకు..."

"ఆకు నేను వెయ్యలేదే!" అని, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, చెప్పండి" అన్నది.